అత్త పాడిన నలుగు పాట

మా మేనత్త పోయిందన్న కబురు నేను బడికి బయల్దేరుతుండగా వచ్చింది. "అక్కా, అత్త పోయింది. తల దువ్వుకుంటా దువ్వుకుంటా అట్లే గోడకు ఆనుకునింది" అన్నాడు తమ్ముడు ఫోనులో. అనంతపురంలో శింగనమల బస్సెక్కాను. ఏడుపు రాలేదు. కిటికీ పక్కన కూర్చున్నదాన్ని లేచి ముందుకు వెళ్ళాను, మళ్ళీ వెనక్కి వచ్చాను. "యాడన్నా ఒక తావ కూచోమ్మా" అని కండక్టరు విసుక్కున్నాడు. అత్త పాడే నలుగు పాట ఒకటి మనసులో మూడు పాదాలు వచ్చి ఆగిపోతోంది. నెల దాటినా అదే వరస. చాక్‌పీసు పట్టుకుని పిల్లల ముందు నిలబడినా, కూర తరుగుతున్నా ఆ మూడు పాదాలే. కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

అత్త మా నాయనకు అక్క. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. చెంబెడు నీళ్ళు తాగితే చివరి గుక్క తాగకుండా వాకిట్లో మిరపచెట్టుకు పోసేది. వానలు పడిన ఏడు శెనక్కాయ చేలో ఆడవాళ్ళు వరసగా కలుపు తీస్తుంటే అందరికంటే ముందు ఆమె పాట నడిచేది. ఒకసారి చేను ఆసామి "పాటలు చాలించి పని సూడండమ్మా" అని గదిమాడు. అత్త నోరు మూసుకుంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి సగం సాలు కూడా కాలేదు. ఆసామే వచ్చి తల గోక్కుంటూ "ఏందక్కా, ఎత్తుకోరాదా పాట" అన్నాడు.

నాకూ నేర్పాలని చూసేది. రెండు పాదాలు పాడి నేను ఆటకు పరుగెత్తితే కేకలేసేది. "ఎత్తుకున్న పాటను దించాల పాపా. నడాన ఇడిస్తే నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకోని నిలబడినట్టే."

ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా నలుగు పాటకు ఆమెనే పిలిచేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మామను చేలో పాము కరిచింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. మామ పోయాక కూడా చేలో ఆమె పాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. పెళ్ళి పందిట్లోనే అడ్డు చెప్పారు.

నా పెళ్ళికి నలుగు పెడుతున్నారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

నలుగు పెట్టవే చెల్లి నవ్వు చెదరకుండా
ఊరు దాటే కాళ్ళు ఉలికిపడకుండా

తర్వాత ఎవరికీ రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు వెనక వంటల దగ్గర నుంచి అత్త గొంతు అందుకుంది.

మెట్టినింటి గడప మెల్లగా దాటి...

"ఎవురది? శుభం జరిగేకాడ ఆమె గొంతు ఇనపడకూడదని తెలీదా?" అంది మా పెద్దమ్మ.

పాట ఆగిపోయింది. అందరూ నా వైపు చూశారు. బుగ్గల నిండా పసుపుతో పీట మీద కూర్చున్నాను. 'పాడనీ పెద్దమ్మా' అంటే సరిపోయేది. రెండే మాటలు. తల వంచుకున్నాను.

చాలా ఏళ్ళకు ధైర్యం చేసి అడిగాను. "పాట దించకుండా ఆపకూడదని నాకు చెప్తివి కదత్తా. ఆ పొద్దు నువ్వెందుకు ఆపేసినావు?"

"ఆపింది ఎవురు? గొంతు తగ్గించినా అంతే. మిగిలిందంతా పొయ్యికి పాడినా. మీ పెద్దమ్మ కన్నా అదే మేలు, బుద్ధిగా ఇనింది" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నా తప్పు తీరిపోయిందనుకున్నాను.

పోయిన ఎండాకాలం తమ్ముడి కూతురి పెళ్ళిలో ఆమెను చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకొచ్చాను. "ఇప్పుడు గొంతు యాడుండాది పాపా" అంటూనే వచ్చింది. ఈసారి ఎవరూ నోరెత్తలేదు. వణుకుతున్న గొంతుతో మూడు పాదాలు పాడింది. నాలుగోది రాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. నా వైపు చూసి "నీకొస్తుందేమో సూడు" అంది. నాకూ రాదు. ఆమె కొంగు సర్దుకుని మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కెలికి వదిలేసింది. ఇంకో పదేళ్ళు ముందే ఆ చెయ్యి పట్టుకుని ఉండాల్సింది.

అత్తను మట్టి చేసి వచ్చిన రోజు నుంచీ కనిపించిన ముసలామెనల్లా ఆ నాలుగో పాదం అడుగుతున్నాను. ఒకామె "పుట్టినింటి పేరు నిలబెట్టమ్మా" అంది. ఇంకొకామె "వెనక్కి తిరిగి చూడకమ్మా" అంది. ఏదీ అత్త నోట విన్నట్టు లేదు.

నా పెళ్ళికి వంట చేసినామె గుర్తొచ్చింది. ఇప్పుడు రాప్తాడులో కొడుకు దగ్గర ఉంది. మొన్న ఆదివారం వెతుక్కుంటూ వెళ్ళాను. చూపు ఆనడం లేదు, నేనెవరో చెప్పుకోవలసి వచ్చింది. ఆ రోజు పొయ్యి దగ్గర అత్త పాట పాడిందా అని అడిగాను.

"పాడింది పాపా. నేను పక్కనే ఉంటి కదా. ఆఖరు దాకా పాడింది" అంది అవ్వ.

"మాటలు గుర్తుండాయా అవ్వా?"

"యాడ గుర్తుండాయి తల్లీ! పాడతా పాడతా ఏడుస్తా ఉండె, అదొక్కటి గుర్తుండాది. రెండు చేతులూ ఓళిగల పిండిలో ఉండె. కండ్లు తుడుచుకునేకి చెయ్యి లేక, ఇదో, ఇట్లా..."

అవ్వ తల వంచి ఒక కన్ను భుజానికి రుద్దుకుని చూపించింది. తర్వాత రెండో కన్ను.