పట్టికలో లేని వరుస

కొత్త కారు కొనే ముందు నేనొక పట్టిక గీశాను. నాలుగు కార్లకు నాలుగు నిలువు గడులు, చూడవలసిన అంశాలకు పద్నాలుగు అడ్డ వరుసలు. మైలేజీ, డిక్కీ లోతు, సీటు ఎత్తు, వెనక కెమెరా వగైరా. పూర్తి కావడానికి మూడు వారాలు పట్టింది. పదో వరుసలో "తెర వెడల్పు" అని రాసి, అన్నింటికంటే పెద్ద తెర ఉన్న కారుకు పూర్తి మార్కులు వేశాను. ఆ కాగితం ఇప్పటికీ డైరీలో ఉంది. కూడికలో ఒక్క పొరపాటు లేదు.

మా ఆయనకు చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. ఆరేళ్ళ కిందట పద్మారావు నగర్ మలుపులో, ఆగి ఉన్న స్కూటర్‌ను రాసుకుంటూ పోయిన రోజున ఆయన తాళాలు నా చేతిలో పెట్టి ఎడమ సీటులోకి మారారు. "స్టీరింగ్ నీది, పాటలు నావి. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకూడదు" అన్నారు. ఆ ఒప్పందం ఆరేళ్ళూ నడిచింది. మారేడ్‌పల్లిలో ఇంటి నుంచి బేగంపేటలో మా ఇద్దరి ఆఫీసుల దాకా, పాత కారు స్టీరియో ఆయనది. శబ్దానికి గుండ్రటి మీట ఒకటి, దాని పక్కన ఆరు బొత్తాలు. నాలుగోది పాత పాటల స్టేషన్. ఏ బొత్తాం ఎక్కడుందో ఆయన వేళ్ళకు తెలుసు. ఇరుకు సందులో నేను బిగుసుకుపోతే, చెప్పకుండానే మీట రెండు మెట్లు తగ్గించేవారు. రోడ్డు వెడల్పయ్యాక మళ్ళీ పెంచేవారు. అది కూడా డ్రైవింగులో భాగమేనని అప్పుడు నాకు తట్టలేదు.

కొత్త కారులో మొదటి సోమవారం ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు చాచారు. అంతా నున్నటి గాజు. చూపుడు వేలు దాని మీద మెల్లగా జరిగింది. ఆ జరిగినంత మేరా కారు ఏదో ఒకటి చేస్తూ పోయింది. మ్యాపు వచ్చింది, ఏసీ పెరిగింది, ఏదో భాషలో వార్తలు మొదలయ్యాయి. నేను కళ్ళతో వెతికి వేలితో నొక్కుతాను. ఆయన వేలితోనే వెతకాలి. ఈ తెరకు వెతకడమన్నా నొక్కడమన్నా ఒకటే. ఆ రోజు డైరీలో రాసుకున్నాను: పాటలు రావడానికి తెర మీద పడిన తాకిళ్ళు పందొమ్మిది. చివరి మూడూ నావి.

నోటితో చెబితే వినే ఏర్పాటు కూడా ఉందని చూపించాను. ఆయన స్టేషన్ పేరు చెప్పారు. అది పెట్రోలు బంకులను చూపించింది. మూడోసారి తరువాత ఆయన, "ఆఫీసులో రోజంతా మనుషుల్ని బతిమాలుతూనే ఉంటాను. కారును కూడా బతిమాలమంటావా?" అన్నారు.

ఆదివారం నాడు నా బొట్టుబిళ్ళల అట్ట తీసి, తెర మీద మూడు చోట్ల మూడు బిళ్ళలు అతికించాను. పైది రేడియో, మధ్యది శబ్దం పెంచడానికి, కిందది తగ్గించడానికి. ఆయన వేలితో తడిమి నవ్వారు. "కారుకి బొట్టు పెట్టావా? ఇక పేరంటానికి పిలుద్దాం" అన్నారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. తెర మీది బొమ్మలు మారిపోతుంటాయన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

మంగళవారం పొద్దున ఆయన పై బిళ్ళ నొక్కారు. అంతకుముందు నేను కారుకు కలిపిన ఫోనులో నంబరు వెతికినందువల్ల తెర మీద పేర్ల జాబితా ఉండిపోయింది. మా మేనేజరమ్మ గొంతు కారంతా నిండింది.

"ఏందమ్మా, పొద్దుగాల్నే ఫోన్ జేసినవ్? ఇయ్యాల సుత లీవేనా?"

"కాదు మేడమ్, పొరపాటున తగిలింది."

"మంచిగుంది. జెర టైముకు రా మరి."

ఆయన చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు. "నేను నొక్కింది రేడియోనే కదా?" అని అడిగారు. అవునన్నాను. మరునాడు వెనక తలుపు తీసుకుని, వెనక సీటులో కూర్చున్నారు.

"ఏవండీ, ఇదేమిటి?"

"ముందు నాకేం పని? స్టీరింగూ నీదే, పాటలూ నీవే."

పదకొండు పనిదినాలు ఆయన వెనకే కూర్చున్నారు. నేను పాటలు పెట్టలేదు. ఆయన అడగలేదు. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి రాణీగంజ్‌లో కారు సామాన్ల దుకాణానికి వెళ్ళి, తెర తీసి మీట ఉన్న స్టీరియో పెట్టమని అడిగాను. దుకాణదారుడు నన్ను వింతగా చూశాడు.

"అమ్మా, అందరూ మీటలు తీసి తెర పెట్టుమంటరు. మీరేంది ఉల్టా? తీస్తే ఏసీ సుత బందయితది. అంతా దాన్లనే ఉన్నది. ఎందుకమ్మా పరేషాన్?"

ఆ సాయంత్రం పట్టిక తెచ్చి ఆయన ఎదురుగా కూర్చుని, పద్నాలుగు వరుసలూ మార్కులతో సహా చదివాను. చివర, "పదిహేనో వరుస ఉండాల్సింది. మీ చెయ్యి. అది రాయడం మరిచిపోయాను" అన్నాను.

"ఎన్ని మార్కులు వచ్చేవి దానికి?"

"ఈ కారుకా? సున్నా."

"అయినా మొత్తం మీద ఇదే గెలిచేదేమో. లెక్క చూసుకున్నావా?"

చూసుకున్నాను. నిజానికి ఇదే గెలిచేది. కాగితం మడిచి డైరీలో పెట్టేశాను. ఆ చప్పుడుకే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

మర్నాడు బయలుదేరేముందు కారంతా ఆయన తడిమినట్టే కళ్ళు మూసుకుని తడిమాను. తెర గాజే, తలుపు ప్లాస్టిక్కే. స్టీరింగ్ ఎడమ పక్కన మాత్రం నా బొటనవేలికి నిజమైన బొత్తాలు తగిలాయి. మూడు వారాలుగా నా చేతి కిందే ఉన్నాయవి. శబ్దానికి రెండు, స్టేషన్ మార్చడానికి రెండు. ఆయనను ముందు కూర్చోమని బతిమాలాను. మొదటి సిగ్నల్ దగ్గర బండి ఆపి, ఆయన కుడి చెయ్యి పట్టుకుని ఆ బొత్తాల మీద పెట్టాను.

"ఇది నీ స్టీరింగ్" అన్నారు ఆయన, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"ఆగి ఉన్నప్పుడు కాదు."

ఆయన వేలు మళ్ళీ బొత్తాల దాకా వచ్చి ఆగింది. "నువ్వు 'ఆగాం' అంటేనే ముట్టుకుంటాను. కదిలితే తీసేస్తాను. సరేనా?"

సరేనన్నాను. దారిలో సిగ్నళ్ళు తొమ్మిది. ఇన్నేళ్ళూ అవన్నీ పచ్చగా ఉండాలని కోరుకున్నదాన్ని. ఆ రోజు నాలుగే ఎర్రగా దొరికాయి. మూడో ఎరుపు దగ్గర ఆయనకు పాత పాటల స్టేషన్ దొరికింది కానీ, శబ్దం మరీ ఎక్కువగా ఉంది. తగ్గించేలోపే దీపం మారింది. ఆయన చెయ్యి తీసేశారు. తరువాతి రెండు సిగ్నళ్ళూ పచ్చగానే ఉన్నాయి. పాట హోరెత్తిపోతోంది. ఆ బొత్తాం నా బొటనవేలి కిందే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఆయన చెయ్యి మోకాలి మీద ఉంచుకుని, నా నోటి నుంచి వచ్చే 'ఆగాం' అన్న ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నారు.