ఐదు నిమిషాల శిక్ష

మా పక్కింటి ఆంటీ మంగళవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ కబురు వెంటే ఆమెపై ఒక అభియోగమూ వచ్చింది. నిన్న ఈ సభ కోసం ఇదే తెలుగు సంఘం హాలులో కుర్చీలు సర్దుతూ విన్నాను: "కాపురం నిలుపుకోలేదు, పూజలకి రాలేదు, ఐస్ మీద తన్నుకునేవాళ్ళని చూస్తూ లైఫంతా వేస్ట్ చేసుకుంది." దానికి జవాబు చెప్పడానికే నిలబడ్డాను.

వాస్తవాలను కాదనను. ఆమె భర్తను విడిచి వచ్చారు. మన ఊరి ఐస్ హాకీ జట్టు ఇక్కడ ఆడిన ప్రతి ఆటకూ ఎనిమిది చలికాలాలు వెళ్ళారు. పూజలకు రాలేదన్నదీ నిజమే. ఎందుకు రాలేదో నాకు తెలుసు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా బిల్డింగ్‌లో ఉగాది పూజ పిలుపు కాగితాలు పంచింది నేనే. జాబితాలో ఆమె పేరు కొట్టేసి ఉంది. తల దించుకుని ఆమె గుమ్మం దాటబోయాను. తలుపు తెరిచే ఉంది. ఆమె నా చేతిలోని కాగితాలను చూశారు, నన్ను చూశారు.

"సాటర్‌డే హాకీ గేమ్ ఉందే, వస్తావా? మీ అమ్మనడిగి చెప్పు."

అమ్మ ఎందుకు ఒప్పుకుందో నేను ఇప్పటికీ అడగలేదు.

ఆటకు వెళ్తే ఆమెకు చీర మీద లావుపాటి కోటు, కాళ్ళకు మంచు బూట్లు. తను పనిచేసే ల్యాబ్‌లో రోజంతా గొంతెత్తని మనిషి, అక్కడ రిఫరీ మీద "కనపళ్ళేదట్రా నీకు!" అని విరుచుకుపడేవారు. వెనక వరుసలోని తెలుగు రాని ఉక్కు మిల్లు కార్మికులు ఆ మాట నేర్చేసుకున్నారు. ఆమె నోరు తెరిచేలోపే "కనపలేదట్రా!" అని వాళ్ళే అందుకునేవారు. "వీళ్ళు నాకంటే బాగా తిడుతున్నారే," అని ఆమె నా భుజం తట్టి నవ్వేవారు.

ఆ మొదటి రోజే ఇద్దరు ఆటగాళ్ళు కలబడ్డారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"మూసుకోకు, చూడవే. అసలు సంగతి ఇప్పుడుంది."

ఇద్దర్నీ మైదానం అంచున, అందరికీ కనబడే చిన్న గదుల్లో కూర్చోబెట్టారు. గడియారం నడిచింది. తలుపులు తీశారు. ఇద్దరూ వచ్చి తమ తమ జట్లలో కలిసిపోయారు.

"చూశావా? తన్నుకున్నందుకు ఫైవ్ మినిట్స్. తర్వాత ఎవరూ అడగరు. మనవాళ్ళ పెనాల్టీకి క్లాకే లేదే."

అని, జారిపోయిన నా స్కార్ఫ్ సర్ది మళ్ళీ ఆటలో పడ్డారు. న్యాయం గురించి నేను చాలా చదివాను, చాలా వేదికలపై వాదించాను. ఆ మాటను మించిన వాదం నాకు ఇంతవరకు దొరకలేదు.

చివరి వారం ఆమె మంచం పక్కన రేడియోలో ఆట విన్నాం. గొంతు లేదు. పెదవులు మాత్రం రిఫరీని తిట్టాయి. ఆమెను చూడటానికి ఆసుపత్రికి వచ్చింది ఆ వెనక వరుసవాళ్ళే. టోపీలు చేతుల్లో పట్టుకుని మంచం చుట్టూ నిలబడ్డారు. నేను తప్ప మనలో ఒక్కరూ రాలేదు. అడిగితే, ఆట వల్లే ఆమె ఒంటరైందంటున్నారు.

ఇది పోటీ కాదు, ఎవరు గెలిచారో చెప్పమనను. ఈ ఏడాది మన జాబితాలో కొట్టేసిన పేరు ఇంకొకటి ఉంది. భర్తను విడిచి వచ్చిన ఆ యువతి ఇప్పుడు బయట పార్కింగ్ లాట్‌లో, ఇంజన్ ఆపని కారులో, ఒళ్ళో పూలు పెట్టుకుని కూర్చుంది. లోపలికి రావచ్చో లేదో ఆమెకు తెలియదు. వైపర్లు తోసేకొద్దీ అద్దం మీద మంచు పడుతూనే ఉంది.

మీలో ఒకరు లేచి, వెళ్ళి, ఆమెను పిలుచుకు రండి. అంతవరకు నేను కూర్చోను.