నాలుగో నంబరు పలక

ఇరవై ఏళ్లకు పైగా ఒక చెక్క పలక బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను.

తొంభైల చివర్లో బొమ్మనహళ్ళిలో మా విలువిద్య సంఘం ఒక పోటీ పెట్టింది. వాళ్లిచ్చిన గట్టి చెక్క పలకతో వారంలో పొట్టి విల్లు చేసి, దానితోనే బాణాలు వెయ్యాలి. పన్నెండు మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నాకు చిత్రిక పట్టడం నేర్పిన కాటన్‌పేట వడ్రంగి రంగప్ప మామ కూడా పోటీలో ఉన్నాడు.

చీటీల్లో ఆయనకు నాలుగో నంబరు పలక వచ్చింది, నాకు తొమ్మిది. నాలుగో దానిలో చెక్క గీతలు ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగినట్టున్నాయి. నా దానిలో మధ్యలోనే పక్కకు జారిపోయాయి. అలాంటి చెక్క వంచితే అక్కడే విరుగుతుంది. ఆ సంగతి నేర్పిందీ ఆయనే. పలకలు ఇంకా చేతికివ్వక ముందే అందరూ కాఫీకి వెళ్లారు. నంబర్ల కాగితాల కింద జిగురు ఇంకా ఆరలేదు. నాలుగు, తొమ్మిది కాగితాలు ఊడదీసి, దానివి దీనికి, దీనివి దానికి అంటించేశాను.

ఎందుకు? ఓడిపోతానని కాదు. ఓడిపోతే "ఆడమనిషి కదా" అంటారని. అది కారణమా, సాకా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ వారమంతా ఒళ్లు మరిచి పనిచేశాను. కొద్దిగా చెక్కడం, కొద్దిగా వంచి చూడడం, ఏ పక్క బిగుసుకుందో అక్కడే మళ్లీ చెక్కడం. చివరికి రెండు పక్కలూ ఒక్కలాగే వంగిన క్షణాన నాకు ఏడుపొచ్చింది. పోటీ రోజు ఆరు బాణాలూ నడిమి వలయంలోనే దిగాయి. మైదానం నా పేరుతో మోగింది. అబద్ధమెందుకు, ఆ మోత ఈ రోజుకీ నాకు తీపే.

రంగప్ప మామ విల్లు రెండో బాణానికే విరిగింది. ముక్కలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పలకే మంచిది కాదు మామా," అన్నాను.

"చెక్కనేమనేది తల్లీ? వంకర అని తెలిసే పట్టినా. నిలబెట్టే చెయ్యి ఉండల్ల. నా చెయ్యి అయిపోయింది. నువ్వు గెలిస్తివి, నేను గెలిచినట్టే."

అప్పుడు చెప్పాల్సింది.

ఆయన మళ్లీ విల్లు ముట్టుకోలేదు. నేను బొమ్మసంద్రలో షెడ్డు వేసుకుని, ఏళ్ల తరబడి బడిపిల్లలకు విళ్లు చేసి ఇచ్చాను. తన చెయ్యి అయిపోలేదని, దాన్ని ఓడించింది నేనని తెలియకుండానే ఆయన పోయాడు.

ఆ విల్లు చేసింది నేనే. గురి నాదే. పలక మాత్రం ఆయనది, నేను దొంగిలించాను. రాసేశాను.