సుంకప్ప సంతకు తోలిన సైకిలు

పెద్దకడుబూరు సుంకప్ప పశువుల దళారి. ఆదోని, ఎమ్మిగనూరు సంతల్లో ముప్పై ఏళ్లుగా ఆయన చెయ్యి తగలని ఎద్దు అరుదు. తలపాగా విప్పి, కొనేవాడి చేతిమీదా తన చేతిమీదా కప్పేవాడు. ఆ గుడ్డ కింద వేళ్లు ధర మాట్లాడుకుంటూ ఉంటే, పైన మనుషులు వానల సంగతి మాట్లాడుకునేవారు. అరబ్బు రేవుల్లో ముత్యాల వర్తకులు కూడా ఇట్లాగే బేరం చేస్తారని దేశాలు తిరిగినవాళ్లు రాశారు. ముత్యానికైనా మూపురానికైనా ధర పదిమంది చెవిన పడకపోవడమే మర్యాద కాబోలు.

సుంకప్పకు ఒక పట్టు ఉండేది. ఒక్క జీవాన్ని కూడా కత్తికి అమ్మలేదు. కొనేవాణ్ణి మూడు మాటలు అడిగేవాడు: ఏం పని చేయిస్తావు, ఏం మేపుతావు, ఎండపూట యాడ కట్టేస్తావు. జవాబు నచ్చకపోతే తలపాగా దులిపి చుట్టుకుని లేచిపోయేవాడు. పిల్లనిచ్చేవాడు కూడా ఇన్ని అడగడని సాటి దళారి మద్దయ్య ఎగతాళి చేసేవాడు. అయినా సుంకప్ప మాటంటే పల్లెల్లో గురి. ఆయన బతుకంతా ఆ గురిమీదే నడిచింది.

పందొమ్మిది వందల నలభై మూడులో, రెండో ప్రపంచయుద్ధం నడుమ, ఆయన చేతికి ఒక సైకిలు అమ్మకానికి వచ్చింది. అది ఆదోని యూసుఫ్ సాబ్‌ది. రవికె గుడ్డలూ దుప్పట్లూ మూటగట్టి, క్యారియరు మీద వేసుకుని, తుగ్గలి దాకా పల్లెపల్లెకూ తిరిగి అమ్మేవాడాయన. పదకొండేళ్లు తొక్కితే సైకిలు గట్టిగానే మిగిలింది, మోకాళ్లు అరిగిపోయాయి. గుర్రాల బేరగాడు రంగప్ప ఎమ్మిగనూరు సంతకు ఒక తట్టుగుర్రాన్ని తెచ్చాడనీ, అది సాధువనీ, మూట మోస్తుందనీ యూసుఫ్ సాబ్‌కు కబురందింది. సంత ముగియగానే రంగప్ప తుంగభద్ర దాటిపోతాడు. గుర్రం వస్తే వ్యాపారం సాగుతుంది. రాకపోతే అమ్మకానికి తెచ్చిన దుప్పట్లే కప్పుకుని ఇంట్లో కూర్చోవాలి.

"సుంకప్పన్నా, ఇది అమ్ము, గుర్రాన్ని తోలుకొని రా. ఎట్ల సేస్తావో నీ ఇష్టం," అన్నాడు యూసుఫ్ సాబ్.

ఆయన భార్య దౌలత్‌బీకి ఇది నచ్చలేదు. సైకిలు కొట్టువాళ్లుండగా ఎద్దుల బేరగానికి ఇవ్వడమేమిటని గడపలోంచే మొగుణ్ణి కసిరింది. ఆ మాటతో సుంకప్పకు రోషం వచ్చింది.

"నాలుగు కాళ్లదాన్ని అమ్మేటోనికి రెండు చక్రాలదొక లెక్కనా వదినా?" అని సైకిలు మెడకు పలుపుతాడు కట్టాడు.

తొక్కడం ఆయనకు రాదు. పత్తిబండ్ల వెంట పదిహేడు మైళ్లు దాన్ని నడిపించుకుంటూ పోయాడు. మిట్టలో తాను దాన్ని నెట్టాడు, పల్లంలో అది తనను లాక్కుపోయింది. బండ్లవాళ్లు వాగు దగ్గర ఆగి, నీళ్లు తాపవా అని అడిగారు. ఎదురైంది గుర్రమైనా రైలైనా, మనిషి తనకు తెలిసిన విద్యతోనే తెలియనిదాన్ని పట్టుకోబోతాడు. సముద్రాలు దాటినవాళ్లు కూడా కొత్త దేశంలో పాత ఊరి పేర్లే పెట్టుకున్నారు. సుంకప్ప తక్కువవాడా? సంతలో రెండు ఎద్దుల జతల మధ్య గూటం దిగగొట్టి సైకిలును కట్టేశాడు.

చూడ్డానికి వచ్చినవాళ్లకు తన పద్ధతిలోనే చెప్పాడు. పదకొండేళ్లది. సుడి దోషం లేదు. తన్నదు, కుమ్మదు. రాత్రిళ్లు మేతకు లేపదు.

మొదట వచ్చినవాడు సిద్దప్ప. పొలాలున్న ఆసామి. సైకిలు మొత్తంగా కావాలన్నాడు. సుంకప్ప సంబరంగా గుడ్డ కప్పాడు. కానీ సిద్దప్ప వేళ్లు గుర్రం ధరకు చాలా దూరంలోనే ముడుచుకున్నాయి. ఎంత లాగినా ఇంకొక వేలు తెరుచుకోలేదు. అయినా అలవాటు ప్రకారం మూడు మాటలూ అడిగాడు.

"పనేముందప్పా దీనికి? పడసాలలో నిలబెడతా. పైన దుప్పటి కప్పుతా. కొత్తల్లుడొచ్చినప్పుడు తీస్తా. ఇంకొగన్ని ముట్టనియ్యను," అన్నాడు సిద్దప్ప.

సుంకప్ప పరుగున రంగప్ప దగ్గరికి పోయాడు. ఆ ధరకే గుర్రాన్ని ఇమ్మని బతిమాలాడు. రంగప్ప అప్పటికే గూటాలు పీకుతున్నాడు. పొద్దు వాలకముందే కదులుతాననీ, తన ధర తెస్తే ఇస్తాననీ, లేకపోతే లేదనీ చెప్పేశాడు. గుర్రం మాత్రం చెవులు వాల్చి సుంకప్ప భుజం మీద ముక్కు ఆనించింది.

తిరిగి వచ్చేసరికి సైకిలు చుట్టూ జనం. మలయా దేశం జపానువాళ్ల చేతికి పోయాక రబ్బరు రావడం ఆగిపోయింది. ఎక్కడో సముద్రాల అవతల చెట్లు చేతులు మారితే, ఇక్కడ ఆదోని పత్తి మండీలో గుమాస్తా రామకృష్ణయ్య సైకిలు టైర్లు లేక దూలానికి వేలాడుతోంది. మండీ పనిమీద సంతకు వచ్చిన ఆయన, టైర్లూ ట్యూబులూ మట్టుకు తనకిమ్మన్నాడు. సంతలో సైకిళ్లు బాగుచేసే నూర్ బాషా చైనూ ఫ్రేమూ మిగిలిన సామానూ అడిగాడు. నేతపని చేసే దేవమ్మ రెండు చక్రాలూ అడిగింది. అందరివీ కలిపితే గుర్రం వచ్చేస్తుందని నూర్ బాషానే లెక్కగట్టి చెప్పాడు.

"అంటే కోసి అమ్మమంటావా?" అన్నాడు సుంకప్ప.

ఎద్దుల అవతలనుంచి మద్దయ్య ఆ మాట అందుకున్నాడు. "ఇనండప్పా, సుంకప్ప కోతకమ్ముతాండాడు. తొడ యాడ, జబ్బ యాడ అడిగి తీసుకోండి."

నలుగురూ నవ్వారు. సుంకప్ప ముఖం కందిపోయింది. పలుపు విప్పబోయాడు. సిద్దప్పకే ఇచ్చేసి, యూసుఫ్ సాబ్‌కు ఏదో ఒకటి చెప్పుకుందామనుకున్నాడు. ఏం చెప్పాలి? నా పేరు నిలిచింది, నీ గుర్రం పోయింది అనా?

దేవమ్మ కదల్లేదు. "నన్ను అడగవేమన్నా? అందర్నీ అడుగుతావంట గదా," అంది.

సుంకప్ప తల తిప్పకుండానే అడిగాడు. "ఏం పని సేపిస్తావు?"

"నూలు సుట్టే రాట్నానికి పెడతా. నా కొయ్య సక్రం పగిలింది. రెండోది మా ఆడబిడ్డకు. పొద్దు పొడిసినకాణ్నుంచి తిరుగుతానే ఉంటాది."

"మేత?"

"సుక్క నూనె."

"ఎండకు యాడ కట్టేస్తావు?"

"మగ్గం పక్కన, నీడలో. నా కొడుకును గూడా అంత సల్లగా ఉంచలేదు."

సుంకప్ప తప్పు పట్టడానికి చూశాడు. దొరకలేదు. రామకృష్ణయ్యను అడిగాడు. నెలలో ఇరవై రోజులు ఊళ్లు తిరిగే పని అన్నాడాయన. నూర్ బాషాను అడిగాడు. ఇప్పటికే మూడు బండ్లు చైను కోసం ఎదురు చూస్తున్నాయన్నాడు. సిద్దప్ప పడసాలలో దుప్పటి కింద నిలబడబోయే సైకిలు సుంకప్ప కళ్లముందు మెదిలింది. అది ఒక్క ముక్కగానే ఉంటుంది. గానుగకూ పోదు, మడకకూ పోదు.

తలపాగా విప్పాడు. వరసగా మూడుసార్లు గుడ్డ పరిచి, మూడు చేతులు పట్టుకున్నాడు.

నూర్ బాషా పానాలు తీశాడు. ఎద్దుకు లాడాలు కొట్టేటప్పుడు కొమ్ములు పట్టుకున్నట్టు సుంకప్ప హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు, ముఖం అవతలికి తిప్పుకుని. నట్టు బిగుసుకుని కిర్రుమన్నప్పుడల్లా సీటు మీద తట్టాడు. అది నొప్పికి కాదనీ, తుప్పుకు అరుస్తోందనీ నూర్ బాషా చెప్పాల్సి వచ్చింది. సంత ఆచారం ప్రకారం అమ్మినవాడు పలుపు ఇవ్వడు గనుక తాడు సుంకప్ప దగ్గరే మిగిలింది. ధర లెక్కపెట్టి తీసుకున్న రంగప్ప కూడా తన తాడు ఇవ్వలేదు. సైకిలును కట్టిన పలుపుతోనే గుర్రాన్ని పట్టుకుని సుంకప్ప ఆదోని దారి పట్టాడు. ఆ వేళకు పొద్దు ఇంకా రెండు బారలుంది.

మరునాడు ఎండ ముదరకముందే యూసుఫ్ సాబ్ ఇంటిముందు గుర్రం నిలబడింది. ఆయన దాని కాళ్లు తడిమాడు, పండ్లు చూశాడు, మెడ నిమిరాడు. సుంకప్ప మాత్రం దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలు గొంతులో పెట్టుకుని నిలబడ్డాడు.

"సాబన్నా, ఒగ మాట. నీ బండి ఒగరింటికి పోలేదు. టైర్లు రామకృష్ణయ్యకు పోయినాయి. సక్రాలు..."

"రామకృష్ణయ్యకా? మంచిపనాయ," అన్నాడు యూసుఫ్ సాబ్, మూట ఎత్తుతూ. "రెండు నెలల్నుంచి నన్ను పీక్కతింటాండాడు. నేనే యిప్పి అమ్ముదామనుకుంటి. అంతలో నువ్వు తాడు కట్టి తోలుకపోతివి."

సుంకప్ప మెల్లగా అరుగుమీద కూర్చున్నాడు. దౌలత్‌బీ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. మద్దయ్య సంతలన్నీ తిరిగి ఏం చెప్పబోతున్నాడో తలుచుకుంటూ చెంబంతా తాగేశాడు.

యూసుఫ్ సాబ్ అరుగు ఎక్కి, అక్కణ్నుంచి గుర్రమెక్కాడు. గుర్రం నిలబడిపోయింది. కిందికి వేలాడే ఆయన కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి గాలిని తొక్కుతున్నాయి.

"నువ్వు ఊరికే కూసో సాబన్నా. అదే తొక్కుతాది," అన్నాడు సుంకప్ప.

కాళ్లు ఆగాయి. గుర్రం కదిలి, వీధి మలుపు తిరిగి, మూటతో సహా తుగ్గలి దారి పట్టింది.