ముక్కు డాక్టరుగారి అట్టిలా

దైవాశీర్వాదంగారు టెక్సాస్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు జనం ముక్కులు చూశారు. రిటైరయ్యాక ఫ్రిస్కో తెలుగు చర్చివాళ్ళు ఆదివారం బడి పిల్లల్ని ఆయనకి అప్పగించారు. పొద్దున లేచి టై కట్టుకోవడానికి ఆయనకి మిగిలిన కారణం అదొక్కటే. పిల్లలేమో వాక్యం మొదలవగానే ఆవలించేవారు. ఒకరోజు విసిగి హూణుల రాజు అట్టిలా కథ ఎత్తుకున్నారు. పదకొండుమందీ నిటారుగా కూర్చున్నారు.

అంతే, ఇక వారం వారం అట్టిలాయే. రోము చక్రవర్తులు వాడికి భయపడి బంగారం పంపేవారట. క్రైస్తవులు వాణ్ణి దేవుడి కొరడా అన్నారట. విందులో అతిథులకి వెండి పళ్ళేలు, వాడికి చెక్క పళ్ళెం. "మన పాట్‌లక్ విందులో పేపర్ ప్లేటుకి మూతి ముడిచేవాళ్ళు వినండి," అనేవారు డాక్టరుగారు.

చర్చి సెక్రటరీ జూడ్ ఒక ఆదివారం క్లాసులోకే వచ్చాడు.

"అంకుల్, మోషేని ఎర్రసముద్రం దగ్గర వదిలేసి మూడు నెలలైంది. వచ్చే వారం నుంచి ఈ క్లాస్ వేరేవాళ్ళకి ఇద్దామని కమిటీ అనుకుంటోంది."

ఆయన ముఖం చిన్నబోయింది. "సరే నాయనా. ఇవాళ వాణ్ణి చంపేసి వెళ్ళిపోతాను. కూర్చో."

అట్టిలా కొత్త పెళ్ళికొడుకై, పూటుగా తాగి, వెల్లకిలా పడుకున్నాడు. ముక్కులోంచి రక్తం గొంతులోకి దిగి చచ్చిపోయాడని పాతకాలంవాళ్ళు రాసిపెట్టారు. "అందరూ హడలిపోయేవాళ్ళే. పక్కకి తిరిగి పడుకో బాబూ అనే మనిషి ఒక్కడు లేకపోయాడు," అన్నారాయన జాలిగా. తర్వాత ఏం చేసి ఉండాల్సిందో చూపించారు. పిల్లలంతా ముందుకి వంగి ముక్కులు పట్టుకున్నారు. జూడ్ గడియారం చూసుకున్నాడు.

భోజనాల దగ్గర జూడ్ కూతురు ప్రిస్సిల్లాకి ముక్కులోంచి రక్తం కారింది. జూడ్ కంగారుగా పిల్ల తల వెనక్కి వంచబోయాడు.

"నో డాడీ," అంది ప్రిస్సిల్లా తన వచ్చీరాని తెలుగులో, ముక్కు పట్టుకుని ముందుకి వంగుతూ. "అట్టిలా అలాగే చచ్చిపోయింది."

డాక్టరుగారు నొప్పి మోకాళ్ళ మీదే కూలబడి, పది నిమిషాలు పిల్ల తల నిమిరారు. రక్తం ఆగింది.

జూడ్ ఆయన్ని లేవదీశాడు. "క్లాస్ మీరే చూడండి అంకుల్. కమిటీకి నేను చెప్తాను. ఎలాగూ వాడు పోయాడుగా."

"వాడి కొడుకులున్నారు నాయనా," అన్నారాయన. "రాజ్యం కోసం కొట్టుకుని కొన్నేళ్ళకే కూలగొట్టుకున్నారు. మెల్లిగా చెప్పాలి."

జూడ్ నిట్టూర్చి, ఆయన ప్లేటులో చల్లారిన పులావు వేడిచేయడానికి తీసుకెళ్ళాడు.