ఎనిమిది గేట్లకు బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మొదట చెప్పిన అంకెను ఎవరూ నమ్మేవాళ్లు కారు. సికింద్రాబాదులో మాది గుడ్డల కొట్టు. మా నాన్న ఇరవై అన్నాడంటే అసలు ధర పద్నాలుగని నాకు ఐదేళ్లకే తెలుసు. అంత తెలివైనదాన్ని పక్కింటి అక్క చెప్పిన ఎనిమిది దగ్గర బోల్తా పడ్డాను.

అక్క స్కేటింగ్ పోటీలకు వెళ్లేది. తన పాత స్కేట్లు నాకో, గాజుల కొట్టు చాచా కూతురికో, పందెంలో గెలిచినవాళ్లకు ఇస్తానంది. ఆ చక్రాల కోసం నాకు వారం రోజులు అన్నం సహించలేదు. పద్మారావు నగర్‌లో మా సందు కాస్త వాలుగా ఉంటుంది. అక్క దాని పొడవునా ఇటుక ముక్కలు జతజతలుగా, ఒకటి కుడికి ఒకటి ఎడమకి పెట్టి, దీన్ని స్లాలమ్ అంటారంది. మంచు కొండ మీద నాటిన కర్రల మధ్య నుంచి వంకరటింకరగా జారుతూ దిగే పందెమట. జత కర్రలు ఒక గేటు. అన్ని గేట్లలోంచీ దూరి, అందరికన్నా తొందరగా దిగినవాళ్లదే గెలుపు. మంచు లేనిచోట చక్రాల మీద ఆడినా అదే పేరట.

నాకు తల తిరిగింది. దిగడమే పనైతే తిన్నగా పోక ఈ వంకరలెందుకు? సరే, ఎనిమిది గేట్లంది కాబట్టి ఆరుకు తెగుతుందిలే అనుకున్నాను. రెండు వదిలేసి సర్రున దిగాను. తర్వాత చాచా కూతురు ఆ స్కేట్లే కట్టుకుంది. రెండుసార్లు పడింది. ఒక గేటు తప్పితే గోడ పట్టుకుని మళ్లీ పైకెక్కి, దాంట్లోంచే దూరి వచ్చింది.

"గెలుపు దీనిదే," అంది అక్క.

"నేను ఆరు దాటిన గదా అక్కా! మిగిలిన రెండింటికి రెండు సెకండ్లు కలుపుకో."

"ఏందే, అంగడనుకున్నవా? ఒక్కటి తప్పినా దిగనట్టే."

"పోనీ, ఏడు?"

అక్క నవ్వాపుకోలేకపోయింది. "జెర ఇను. ఛాన్సులు ఎన్నైనా ఇస్త. గేటు మాత్రం ఒక్కటి సుత తగ్గియ్య."

మళ్లీ దిగాను. ఎనిమిదీ దాటాను, మోచేతులు గీరుకుపోయాయి. చాచా కూతురికన్నా ఆలస్యమైంది. స్కేట్లు దానికే పోయాయి. అక్క నా మోచెయ్యి కడుగుతూ, "ఇప్పుడు దిగినవ్," అంది, నేనే గెలిచినట్టు. నా చేతిలో ఏమీ లేదు, అక్కకు ఆ సంతోషమెందుకో అర్థం కాలేదు.

ఈ మధ్య నా భుజం పట్టేసింది. రోజూ చెయ్యి ఇరవైసార్లు పైకెత్తమన్నారు డాక్టరు. పన్నెండుకు అడుగుదామని నాలుక దురద పెడుతుంది. ఇంట్లో చూసేవాళ్లెవరూ లేరు. అయినా మధ్యలో లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను. ఎందుకని అడిగితే మాత్రం, ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.