తాతయ్య కాళ్ళకు కట్టిన నారు

నా చిన్నప్పుడు బళ్ళారి పక్కన మోక దగ్గరి మా మళ్ళకు, ఆ కాలువ మీద ఇంకెవరికీ రానన్ని నీళ్ళు వచ్చేవి. అది తన పలుకుబడి అనుకునేవాడు మా తాతయ్య. మీసం దువ్వుకుంటూ, "నేను గట్టు మీద నిలబడితే నీళ్ళే లేచి దండం పెడతాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అసలు కారణం వేరే ఉందని ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు మా అత్త, రెండోది నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మేం కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. తుంగభద్ర నీళ్ళు వస్తాయని విని, అక్కడున్న రెండెకరాలు అమ్మి ఇక్కడ ముప్పై ఎకరాలు కొన్నాడు తాతయ్య. అది నేను పుట్టిన ఏడాదే. కాబట్టి మా కలిమి వయసూ నా వయసూ ఒకటే. మేం కొన్నదాంట్లో ఆరెకరాలు ఆ ఊళ్ళోని ఒక కుటుంబానివి. వానకు ఎదురుచూసి విసిగి, కాలువ తవ్వకముందే అమ్మేసుకున్నారు. నీళ్ళు వచ్చాక ఆ ఇంటి ఇల్లాలు తాము అమ్ముకున్న నేలలోనే నాట్లు వేసే కూలి గుంపుకు పెద్ద అయింది. ఆమె కొడుకు నీరుగంటి అయ్యాడు. తూము దగ్గర ఉండి, ఎవరి వంతు వస్తే వాళ్ళ మడికి నీళ్ళు మళ్ళించడం అతని పని. రైతులంతా కలిసి అతన్ని పెట్టుకుని, కోతలప్పుడు తలా కాస్త ధాన్యం కొలిచేవారు.

తాతయ్య చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కర్ర ఉండేది, చివర ఇనప పొన్నుతో. అది ఎద్దుల మీద పడేది, జీతగాళ్ళ మీద పడేది. పెళ్ళయి పిల్లల తండ్రయిన మా నాన్న మీద కూడా పడేది. ఆ ఇంట్లో తలుపు చప్పుడుకు కూడా మేం ఉలిక్కిపడేవాళ్ళం. నాయనమ్మ మాత్రం ఉలిక్కిపడేది కాదు. మా ముందు ఆయనకు ఎదురు మాట్లాడేదీ కాదు.

మా అత్త నాన్నకు చెల్లెలు. పద్దెనిమిదేళ్ళు నిండినా ఇంకా పెళ్ళి కాలేదు. కోపంలో అచ్చంగా తండ్రి కూతురు. మధ్యాహ్నం పొలానికి అన్నం క్యారియర్ తీసుకెళ్ళేది, తోడుగా నేను వెళ్ళేదాన్ని. ఒకరోజు మా వంతు ఇంకా ఉండగానే నీరుగంటి తూము మూశాడని, చేతికందిన మట్టిగడ్డ తీసి అతని మీదికి విసిరింది. అది నుదురు చీల్చింది. రక్తం కంట్లోకి కారుతుంటే అతను గట్టు మీద చతికిలబడి నవ్వాడు.

"ఏమమ్మా, మీ కోస్తాలో నీళ్ళడిగేది ఇట్లేనా?"

"మూసేది ఇలాగేనా మీ ఊళ్ళో? ఇంకో గడ్డ ఉంది, చూసుకో."

"దాన్ని రేపటికి పెట్టుకో. రేపు గూడా మూస్తా."

మర్నాడు అతను మూయలేదు. ఆ తర్వాత రోజూ మూయలేదు. అత్త మాత్రం రోజూ తూము దగ్గర ఆగి, నిన్న ఎందుకు మూయలేదని పోట్లాడేది. అతను అంతకంటే గట్టిగా పోట్లాడేవాడు. నేను తుమ్మచెట్టు నీడలో కూర్చుని తెలుగు వాచకం చదువుకునేదాన్ని. ఐదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది కానీ, పెళ్ళయి బళ్ళారి వచ్చాక గ్రంథాలయంలో ఒక్కో బీరువా వరసగా ముగించుకుంటూ పోయాను. ఎన్ని నవలలు చదివినా, మట్టిగడ్డతో మొదలుపెట్టిన నాయిక నాకు ఎక్కడా కనిపించలేదు.

నీళ్ళు ఎక్కువై మా నారుమడిలో ఒక మూల కుళ్ళిపోయింది. తాతయ్య విత్తనాలు అమ్మినవాణ్ణి తిట్టాడు. అదే సమయంలో కాలువ చివరనున్న రైతుల మళ్ళు నెర్రెలు విచ్చాయి. ఒక పొద్దున వాళ్ళు పది పన్నెండు మంది గొడ్డళ్ళు, గడ్డపారలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు.

"ఏం ధణీ, నీళ్ళన్నీ నీకేనా? మేం యాడికి పోవల్ల?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. ధణి అంటే అక్కడ యజమాని.

"నీరుగంటికి నేనంటే భయం. మీరంటే లేదు. దానికి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు తాతయ్య.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "భయమా! నిన్ను జూసి గాదప్పా. నీ బిడ్డ తూము కాడ నిలబడితే వాడు మూసేది మర్సిపోతాండాడు."

మాట పూర్తి కాకముందే కర్ర లేచింది. పెద్దాయన తల పగిలింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో నాకు తెలియలేదు. మా జీతగాళ్ళు బండి కాడి ఎత్తారు. ఒకడి పళ్ళు వాకిట్లో ముగ్గు మీద పడ్డాయి. గొడ్డలి దెబ్బ మా గుమ్మానికి తగిలి చెక్క లేచిపోయింది. నాన్న అడ్డం వెళ్ళి రెండు వైపుల దెబ్బలూ తిన్నాడు. చివరికి వచ్చినవాళ్ళు తమవాళ్ళను మోసుకుంటూ వెళ్ళిపోయారు. అప్పుడు తాతయ్య నా వైపు తిరిగాడు.

అత్త తూము దగ్గర ఎంతసేపు నిలబడుతుందని అడిగాడు. మా వాచకంలో ఎప్పుడూ నిజమే చెప్పాలని ఒక పాఠం ఉంది. అది నాకు కంఠతా వచ్చు. చేతులు కట్టుకుని, "నేను పాఠం మొత్తం చదివి, పద్యాలు అప్పజెప్పుకునేదాకా" అన్నాను. వాడిప్పుడు ఎక్కడున్నాడని అడిగాడు. "తూము దగ్గరే" అన్నాను. అంత పెద్దమనిషి నన్ను అడిగి తెలుసుకున్నాడని లోపల గర్వంగా కూడా ఉంది.

ఆయన వెనకే పరిగెత్తాను. నీరుగంటి చేతిలో పార ఉంది. తాతయ్య వస్తుంటే దాన్ని పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది తల మీదికి వస్తుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. "సాకు ధణీ, సాకు" అన్నాడు. చాలని కన్నడంలో. అయినా ఇంకో నాలుగు పడ్డాయి. పార అందుబాటులోనే ఉంది. అతను దాని వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఎవరు చెప్పారో అతనికి తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

ఇంటికి రాగానే అత్తను సామాను గదిలోకి తోసి గొళ్ళెం పెట్టాడు తాతయ్య. ఆమె ఏడవలేదు. లోపలున్న జాడీలు ఒక్కొక్కటీ తీసి నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది. గంటకొకటి పగిలేది. సాయంత్రానికి తలుపు కింద నుంచి ఎర్రగా పారి వసారాలోకి వచ్చింది. నేను రక్తమనుకుని కెవ్వుమన్నాను. అది ఆవకాయ నూనె. తాతయ్య అందరికీ వినపడేలా చెప్పాడు: రేపు నాట్లు ముగిసేలోగా ఆ నీరుగంటి ఊరు వదలకపోతే వాడి రెండో చెయ్యి కూడా ఉండదు, అత్తకు వచ్చేవారం కోస్తాలో చూసిన సంబంధంతో పెళ్ళి.

మర్నాడు పొద్దున్నే నాట్లు. నీరుగంటి తల్లి రాదనుకున్నాం. ఆమె గుంపును వెంటబెట్టుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మడిలో దిగింది. కాసేపటికి నాయనమ్మ వచ్చింది. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, ఆ కూలివాళ్ళ వరసలో ఆమె పక్కనే వంగి నారు పట్టుకుంది. ఆవిడ బురదలో దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చేతులు ఎంత చకచకా కదిలాయంటే, పక్కవాళ్ళు ఆగి చూశారు. కోస్తాలో ఇరవై ఏళ్ళు కూలికి నాట్లు వేసిందట. మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు.

ఎండ ఎక్కుతుండగా నీరుగంటి వచ్చాడు. చేతికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. మా వంతు అని, ఎడమచేత్తో తూము ఎత్తుతున్నాడు. గట్టు మీద నుంచి తాతయ్య చూశాడు. చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక లేక, కర్ర పట్టుకుని అడ్డంగా మడిలోకే దిగాడు.

కోస్తాలో ఒక ఆచారం ఉండేది. నాట్ల రోజున ఆసామి మడిలో దిగితే, నాటేవాళ్ళు ఆయన కాళ్ళ దగ్గర నారు పెట్టి చుట్టి కడతారు. అడిగింది ఇచ్చేదాకా విప్పరు. తెంపుకుని వెళితే ఆ మడి పండదని నమ్మకం. మామూలుగా అడిగేది తాంబూలం, చీర, నవ్వుతూ ఇచ్చేసే చిల్లర. ఇక్కడికి వచ్చాక నాయనమ్మే ఈ ఊరి ఆడవాళ్ళకు దాన్ని సరదాగా నేర్పింది. తాతయ్య వాళ్ళను దాటి పోబోతుంటే, నాయనమ్మ నారుకట్ట తీసుకుని వంగి ఆయన ఎడమకాలికి చుట్టేసింది. అటు నుంచి నీరుగంటి తల్లి కుడికాలికి చుట్టింది.

"ఏమిటే ఇది? లే పక్కకి!" అని అరిచాడు తాతయ్య.

"నాట్ల కూలిదాన్నండీ. నారు కట్టాను. అడిగింది ఇచ్చి కదలండి," అంది నాయనమ్మ.

"ఏం కావాలో ఇంటి దగ్గర అడుగు!"

"ఇంటి దగ్గర ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను. ఆ కర్ర ఇవ్వండి."

ఆయన కర్ర ఎత్తాడు. నాయనమ్మ తల దించలేదు. గుంపులోని ఆడవాళ్ళంతా నడుములు ఎత్తి నిలబడ్డారు. నాట్లు ఆగిపోయాయి. తాతయ్య జేబులోంచి చిల్లర తీసి బురదలోకి విసిరాడు. ఎవరూ వంగలేదు. ఒక్క అడుగు వేస్తే నారు తెగుతుంది. మనుషుల చేతులు విరిచినవాడు, నారు తెంపలేక అలాగే నిలబడ్డాడు. ఎండ మండుతోంది. పీకి పెట్టిన నారుకట్టల కొసలు వడలి వంగుతున్నాయి. ఆయన వాటివైపు చూస్తున్నాడు, పళ్ళు కొరుకుతున్నాడు, ఆవిడ వైపు చూస్తున్నాడు. చాలాసేపటికి కర్ర వదిలేశాడు. నాయనమ్మ దాన్ని తీసి పక్క పిల్లకాలువలోకి విసిరింది. అది తేలుకుంటూ చివరి రైతుల పొలాల వైపు వెళ్ళిపోయింది.

"ఇంకో కాలు ఉండాది ధణీ," అంది నీరుగంటి తల్లి. "నాకు నా కొడుకు చెయ్యి గావల్ల. ఇస్తావా?"

తాతయ్య తల తిప్పుకున్నాడు.

"అది ఆయన ఇవ్వలేడు. ఇంకోటి అడుగు వదినా," అంది నాయనమ్మ.

వదిన అనేసరికి ఆడవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. మావైపు వియ్యపురాళ్ళు అలా పిలుచుకుంటారు. ఆ పిలుపులో ఏముందో ఆమెకూ తెలిసింది. వెంటనే రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వదినా గిదినా నాకొద్దు తల్లీ! నీ బిడ్డ నిన్న జాడీలన్నీ పగలగొట్టిందంట. నా ఇంట్లో ఉండేవే నాలుగు కుండలు. ఆయమ్మ వస్తే సంగటి దేంట్లో గెలకల్ల?"

గుంపంతా ఘొల్లుమంది. తాతయ్య మొహం కందగడ్డలా అయింది. "నా కూతురికేం తక్కువ?" అని గర్జించాడు. "ఈ కాలువ మొత్తానికి అలాంటి పిల్ల ఉందా? పని చేస్తే ముగ్గురి పెట్టు! పది జన్మలెత్తినా నీ కొడుక్కి దొరుకుతుందా?"

"దొరకదు గానీ, ఆ నోరు?"

"నోరుంటే ఏం? సంసారం నిలబెట్టేది ఆ నోరే!"

"అయితే ఇస్తానంటాండావా?"

తాతయ్య ఆగిపోయాడు. తను ఇంతసేపూ దేనికోసం వాదించాడో అప్పుడు తెలిసింది. తూము దగ్గర నీరుగంటి, కట్టు కట్టిన చేత్తో, కదలకుండా వింటున్నాడు. తాతయ్య అతని చేతివైపు మొదటిసారి నిదానంగా చూశాడు. తర్వాత, వినపడీ వినపడనట్టు, "తీసుకో" అన్నాడు. ఇద్దరాడవాళ్ళూ వంగి నారు విప్పారు. ఆ నారునే ఆ మడిలో నాటారు.

పెళ్ళి జరిగింది. అత్త వాళ్ళింట్లో కుండలేవీ పగలగొట్టలేదు. మామయ్య చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆయన ఆ తర్వాత మా మడికి వంతు మించి చుక్క నీళ్ళు ఇవ్వలేదు. చివరి రైతుల మళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. తాతయ్య కొత్త కర్ర చేయించుకోలేదు.

ఆ నాట్ల రోజు మధ్యాహ్నం నాయనమ్మ కాలువలో కాళ్ళు కడుక్కుంటుంటే పక్కన కూర్చుని ఏడ్చాను. చెప్పింది నేనేనని, వాచకంలో నిజం చెప్పమన్నారని అన్నాను. ఆవిడ తడిచేత్తో నా మొహం తుడిచి, "నిజం చెప్పడం తప్పు కాదే. అడిగినవాడి చేతిలో ఏముందో చూసుకోలేదు, అంతే" అంది.

మామయ్య ఆ చెయ్యి గురించి నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. వంకర చేత్తోనే నాకు రేగుపళ్ళు కోసి ఇచ్చేవాడు. నిజం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను కానీ, నాయనమ్మ చెప్పినంత పనికొచ్చే మాట వాటిలో దొరకలేదు. ఇప్పటికీ ఎవరైనా విసురుగా వచ్చి ఫలానావాడు ఎక్కడున్నాడని అడిగితే, నేను ముందు మొహం చూడను, చేతులు చూస్తాను. ఖాళీగా ఉంటే చెబుతాను. లేకపోతే రెండు చేతులకూ రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చిస్తాను. అవి అందుకోవాలంటే చేతిలోది కింద పెట్టాలి కదా.